శాపం కాదు.. స్కోరుకార్డు చూడండి!

‘ఈసారీ పోయింది. మనకు రాసిపెట్టి లేదులే రా!’ ప్రొద్దుటూరులో కోచింగ్‌ ముగించుకుని జమ్మలమడుగు, పులివెందుల బస్సెక్కేటప్పుడు ఈ మాట మీరు అనే ఉంటారు. లేదంటే పక్కసీటులో వినే ఉంటారు. ఏళ్ల తరబడి ఓడిన జట్ల అభిమానులూ ఇలాగే అనుకున్నారు.

అమెరికాలో బోస్టన్‌ రెడ్‌సాక్స్‌ అనే బేస్‌బాల్‌ జట్టు 1918లో టైటిల్‌ గెలిచింది. మళ్లీ గెలిచింది 2004లో. అంటే 86 ఏళ్లు! స్టార్‌ ఆటగాడు బేబ్‌ రూత్‌ను ప్రత్యర్థి జట్టుకు అమ్మేశారు కాబట్టి ఆ శాపం తగిలిందని జనం చెప్పుకునేవారు. కానీ ఒక సంగతి చూడండి. 1945లో జాకీ రాబిన్‌సన్‌ అనే నల్లజాతి ఆటగాడు వాళ్ల మైదానంలోనే ట్రయల్స్‌ ఆడాడు. తీసుకోలేదు. రెండేళ్లకు అతను బ్రూక్లిన్‌ డాడ్జర్స్‌కు ఆడి, ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడిగా నిలిచాడు. రెడ్‌సాక్స్‌ మాత్రం 1959 దాకా ఒక్క నల్లజాతి ఆటగాడినీ బరిలోకి దించలేదు. అన్ని జట్లకన్నా ఆఖరున మారింది వాళ్లే. ప్రతిభకు తలుపు మూసింది తామే, నింద వేసింది శాపం మీద.

మనకు దగ్గరి ఉదాహరణ కావాలా? ఆంధ్ర రంజీ జట్టు 1953-54 నుంచి ఆడుతోంది. 2024-25 సీజన్‌ దాకా ట్రోఫీ దక్కలేదు. 2023 క్వార్టర్‌ఫైనల్లో మధ్యప్రదేశ్‌పై తొలి ఇన్నింగ్స్‌లో 151 పరుగుల ఆధిక్యం సాధించి, రెండో ఇన్నింగ్స్‌లో 93కే ఆలౌటైంది. 2024లో మళ్లీ క్వార్టర్‌ఫైనల్‌, మళ్లీ అదే ప్రత్యర్థి. ఈసారి ఓటమి 4 పరుగుల తేడాతో. ‘అయ్యో, దురదృష్టం’ అనిపిస్తుంది కదా? స్కోరుకార్డు తీయండి. తొలి ఇన్నింగ్స్‌లోనే 62 పరుగులు వెనకబడింది. రెండు ఓటముల్లోనూ ఆట చేజారిన చోటు కళ్లముందే ఉంది.

మీ స్కోరుకార్డు తీశారా?

* ఎక్కడ పోయింది?: కటాఫ్‌కు ఒక్క మార్కు తగ్గిందని బాధపడే ముందు ఏ సెక్షన్‌లో ఎన్ని పోయాయో, నెగెటివ్‌ మార్కులకు ఎన్ని పోయాయో కాగితం మీద రాయండి.

* ఏ తలుపు మూశారు?: ‘నాది తెలుగు మీడియం, ఇంగ్లిష్‌ రాదు’, ‘గ్రూప్స్‌ తప్ప ఇంకోటి రాయను’.. ఇవి తలరాతలు కావు, మీ నిర్ణయాలు. మార్చుకోవచ్చు.

* అదే తప్పు మళ్లీనా?: పోయినసారి కాగితం, ఈసారి కాగితం పక్కపక్కన పెట్టండి. రెండింట్లోనూ కనిపించే తప్పు నుంచే రేపటి చదువు మొదలుపెట్టండి.

రెడ్‌సాక్స్‌ 2003లో డేవిడ్‌ ఓర్టిజ్‌ను తీసుకుంది. మరో జట్టు వద్దని వదిలేసిన ఆటగాడు అతను. మరుసటి ఏడాది టైటిల్‌ తెచ్చినవాళ్లలో అతనే ముందున్నాడు. ఒకచోట ‘రిజెక్ట్‌’ అన్నారంటే ఆట ముగిసినట్టు కాదు. కారణం వెతకడం మానేస్తేనే ముగిసినట్టు.