ఢీకొన్న బండికి బీమా లేకపోతే ఏమి చేయాలి?

మన డెల్టాలో పాలకేంద్రాలు తెల్లవారకముందే తెరుచుకుంటాయి. క్యాను కట్టిన సైకిలు, మోటారు సైకిలు, పాలు ఎత్తే ఆటో, అన్నీ చీకటివేళ కాలువ గట్ల మీదుగానే రావాలి. ధాన్యం ట్రాక్టర్లు, ఇటుకల లారీలు, చేపల వ్యానులు నడిచేదీ ఆ గట్ల మీదే. ప్రమాదం జరిగి, ఎదుటి బండికి బీమా లేదని తెలిసినప్పుడు, "ఇంక మనకు వచ్చేదేముంది?" అనుకుని, పెద్దల సమక్షంలో చేతికిచ్చినది పుచ్చుకుని ఊరుకోవడం పలుచోట్ల చూస్తున్నాము. ఇది పొరపాటని సభ్యసంఘాలకు తెలియజేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బాధ్యత ఎవరిది?

1988 నాటి మోటారు వాహనాల చట్టం 146వ సెక్షను ప్రకారం రోడ్డెక్కే ప్రతి మోటారు బండికీ థర్డ్ పార్టీ బీమా ఉండితీరాలి. లేకుండా నడిపితే 196వ సెక్షను కింద మొదటిసారి మూడు నెలల వరకు జైలు, లేదా 2,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. కాని ఆ జరిమానా ప్రభుత్వానికి పోతుంది, బాధితునికి కాదు. బాధితునికి చెల్లించవలసినవారు బండి యజమాని, డ్రైవరు. బీమా లేదు గనుక యజమాని తన ఆస్తి నుంచే చెల్లించాలి. బీమా లేకపోవడం వల్ల అతని బాధ్యత పెరుగుతుందే గాని తగ్గదు.

మొదటి రోజు చేయవలసినవి

ముందుగా వైద్యం. 2025 మే నుంచి అమలులో ఉన్న కేంద్ర పథకం ప్రకారం, గుర్తించిన ఆసుపత్రిలో ఏడు రోజుల వరకు, 1.5 లక్షల రూపాయలకు మించకుండా, నగదు చెల్లించకుండా చికిత్స పొందవచ్చు. ఢీకొన్న బండికి బీమా లేకపోయినా ఇది వర్తిస్తుంది.

తరువాత పోలీసు ఫిర్యాదు. బండి నంబరు, యజమాని పేరు, చూసినవారి పేర్లు వ్రాయించి, ఎఫ్.ఐ.ఆర్. ప్రతి ఉచితంగా తీసుకోవాలి. ఇది లేకుండా చేసుకున్న రాజీ తరువాత మెడకు చుట్టుకుంటుంది. గేదె చనిపోతే పశువైద్యునిచే శవపరీక్ష చేయించి సర్టిఫికెట్టు తీసుకోవాలి. గేదె విలువను కూడా ఆస్తినష్టంగా అదే ట్రిబ్యునలులో కోరవచ్చు. పశుబీమా ఉంటే, చెవిపోగు తీయకుండా వెంటనే కంపెనీకి తెలుపాలి.

కేసు ఎక్కడ, ఎప్పటిలోగా?

మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునలులో 166వ సెక్షను కింద దరఖాస్తు చేయాలి. ప్రమాదం జరిగిన చోటికే పోనక్కరలేదు. తుని దగ్గర దెబ్బతిన్న కొవ్వూరు రైతు తన నివాస ప్రాంతపు ట్రిబ్యునలులోనే వేసుకోవచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి గడువు ఆరు నెలలు. ఈ గడువుపై సుప్రీంకోర్టులో వివాదం నడిచినా, దానిని నమ్ముకుని ఆలస్యం చేయరాదు. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, స్వల్పాదాయం గలవారికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది.

తప్పు ఎవరిదో రుజువు చేయడం కష్టమైతే 164వ సెక్షను ఉన్నది. ఆ రుజువు లేకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్రగాయానికి 2.5 లక్షలు యజమాని నుంచి కోరవచ్చు. రెండింటిలో ఏది మేలో వకీలును అడిగి నిర్ణయించుకోవాలి.

పాల చీటీల విలువ

ఒక ఉదాహరణ చూద్దాము. చనిపోయిన రైతు వయస్సు 42, నెల ఆదాయం 12,000 రూపాయలు, ఆధారపడినవారు నలుగురు అనుకుందాం. సుప్రీంకోర్టు 2009, 2017 తీర్పుల పద్ధతిలో ఏడాది ఆదాయం 1,44,000. భవిష్యత్తు పెరుగుదలకు నూటికి 25 కలిపితే 1,80,000. అతని సొంత ఖర్చుకు నాలుగో వంతు తీస్తే 1,35,000. వయస్సును బట్టి 14తో గుణిస్తే 18,90,000 రూపాయలు. అంత్యక్రియల వంటి పద్దులు దీనికి అదనం. పెద్దల మధ్య ఇచ్చే యాభై వేలతో దీనిని పోల్చి చూడండి.

అయితే ఆదాయానికి రుజువు కావాలి. నెలకు వెయ్యి రూపాయలు రుజువు కాకపోతే, ఈ లెక్కలో 1,57,500 రూపాయలు తగ్గిపోతాయి. పాడిరైతుకు జీతం చీటీ ఉండదు. మన సంఘం పాసుపుస్తకం, చెల్లింపు రిజిస్టరే అతని జీతం చీటీ.

సొమ్ము రాబట్టడం

యజమాని చెల్లించకపోతే, 174వ సెక్షను కింద ట్రిబ్యునలు ఇచ్చే సర్టిఫికెట్టుతో కలెక్టరు భూమిశిస్తు బకాయి మాదిరిగా వసూలు చేస్తారు. బీమా లేని బండిని తగిన హామీ లేకుండా విడువరాదని, హామీ ఇవ్వకపోతే వేలం వేసి సొమ్ము ట్రిబ్యునలులో జమ చేయాలని, ఇందుకు నిబంధనలు చేసుకోవలసిందిగా 2018లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. బండిని విడుదల చేయకముందే వకీలు ద్వారా ఈ విషయం కోర్టు దృష్టికి తేవాలి.

మరొక దారి కూడా ఉన్నది. మన సభ్యుడు ఆటోలో ప్రయాణిస్తుండగా ట్రాక్టరు గుద్దింది, ఇద్దరు డ్రైవర్లదీ తప్పే అనుకుందాం. ట్రాక్టరుకు బీమా లేకపోయినా, మొత్తం పరిహారాన్ని ఆటో పక్షం నుంచే కోరవచ్చునని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆటోకు బీమా ఉంటే మేలు. కాని సరుకుల ఆటోలో పాలక్యాన్ల మీద కూర్చుని వెళ్ళేవారికి ఆ బీమా సాధారణంగా వర్తించదు.

బండి ఏదో అసలే తెలియకపోతే మరణానికి 2 లక్షలు, తీవ్రగాయానికి 50,000 ప్రభుత్వ పథకం కింద వస్తాయి. దరఖాస్తు రెవెన్యూ డివిజను అధికారికి ఇవ్వాలి.

మన జాగ్రత్త

కోర్టు ద్వారా వసూలుకు ఏళ్ళు పట్టవచ్చు. అందుచేత మన రక్షణ మన చేతిలో ఉండాలి. సమగ్ర పాలసీ ఉంటే, ఎదుటివారికి బీమా లేకపోయినా మన బండి మరమ్మతు మన కంపెనీ భరిస్తుంది. మరమ్మతుకు ముందే వారికి తెలపాలి. యజమాని స్వయంగా నడిపే బండికి 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా తప్పక ఉండాలి. బ్యాంకు ఖాతా ఉన్న 18 నుంచి 70 ఏళ్ళవారికి ఏడాదికి 20 రూపాయలతో ప్రధానమంత్రి సురక్షా బీమా ఉన్నది. ప్రమాద మరణానికి 2 లక్షలు ఇస్తారు.

కార్యదర్శులకు మా మనవి ఒక్కటే. సంఘం బండ్ల పాలసీ గడువు తేదీలను కేంద్రంలో గోడమీద వ్రాసి పెట్టండి. చెల్లింపు రిజిస్టర్లను భద్రపరచండి. ప్రమాదం జరిగిన ఇంటివారు రాజీ కాగితం మీద వేలిముద్ర వేయకముందే, ఎవరో ఒకరు వెళ్ళి ఈ సంగతులు చెప్పండి.