పొగడ్త, తెగడ్త: నడుమ ఒక మనిషి

'బిగ్‌బాస్' ప్రసారమయ్యే నెలల్లో, పుప్పాలగూడలోని మా అపార్టుమెంటు మెట్లు ఎక్కుతుంటే అంతస్తంతస్తునా ఒకే గొంతు వినిపిస్తుంది. మనిషి కనిపించడు, ఆజ్ఞ మాత్రం వెలువడుతుంది. ఆ ఇంట్లోని వారు తలవంచుతారు. ప్రాచీన గ్రీకు విషాద నాటకాలతో పరిచయమున్నవారికి ఈ గొంతు కొత్తది కాదు. డెల్ఫీ ఆలయవాణి ఈడిపస్ రాజును ఇలాగే వెంటాడింది. వేదికపై జరిగేదాన్ని చూస్తూ వ్యాఖ్యానించే బృందాన్ని గ్రీకులు కోరస్ అన్నారు. మన సోఫాల్లో కూర్చున్నది ఆ కోరసే.

విషాద నాటకం కరుణను, భయాన్ని రేపి, వాటి ద్వారానే మనసును ప్రక్షాళన చేస్తుందన్నాడు అరిస్టాటిల్. మనవంటివాడే ఒక పొరపాటుతో కూలిపోతుంటే 'రేపు నా గతి ఏమిటి' అన్న భయం కలగాలి. ఆయన కావ్యశాస్త్రాన్ని 10వ శతాబ్దంలో బాగ్దాదు పండితుడు అబూ బిష్ర్ మత్తా సిరియాక్ నుండి అరబీలోకి తెచ్చారు. గ్రీకు నాటకశాలను ఎరుగని సమాజం కనుక ట్రాజెడీని 'మదీహ్' అనీ, కామెడీని 'హిజా' అనీ అన్నారు. అంటే పొగడ్త, తెగడ్త. 12వ శతాబ్దంలో ఇబ్న్ రుష్ద్ కూడా తన వ్యాఖ్యానంలో ఆ మాటలే వాడారు. పండితులు దీన్ని పొరపాటుగా లెక్కిస్తారు. కానీ సోఫోక్లిస్‌కు అతకని ఆ మాటలు మన రియాలిటీ షోకు అచ్చంగా సరిపోతాయి. ఇక్కడ కరుణకు చోటేది? మనవాడికి మదీహ్, ఎదుటివాడికి హిజా. 2023 డిసెంబరులో ఏడవ సీజన్ విజేతను ప్రకటించిన రాత్రి, అన్నపూర్ణ స్టూడియోస్ వెలుపల అభిమానుల గొడవలో ఆర్టీసీ బస్సుల అద్దాలు పగిలాయి. ఆ బస్సులు ఏ పక్షమో!

ఈడిపస్ తన కళ్ళు పొడుచుకోవడాన్ని ఏథెన్స్ ప్రేక్షకులు చూడలేదు. లోపల జరిగినదాన్ని వార్తాహరుడు వచ్చి చెప్పాడు. నటుడు ముఖానికి తొడుగు ధరించేవాడు. ఆట ముగిశాక దాన్ని తీసి ఇంటికి వెళ్ళేవాడు. బిగ్‌బాస్ ఇంట్లో ఏడ్చే మనిషికి తీసి పక్కన పెట్టగల ముఖం లేదు. కెమెరా ఆ కన్నీటి దగ్గరకే జరుగుతుంది. పైగా గ్రీకు కోరస్ చేతిలో ఓటు లేదు, మన చేతిలో ఉంది.

మొన్న మావాడు ఫోను అందుకుంటూ, "అబ్బా, ఈ వారం ఈమెను పంపించెయ్యాలి" అన్నాడు.

"నీకేం చేసింది బేటా?"

"మిగతావాళ్ళ గురించి వెనకాల మాట్లాడింది."

"ఆమెది గీబత్ అయితే, దాన్ని చాటుగా వింటున్న మనది ఏమిటి?" అంది పక్కనే పుస్తకం చదువుకుంటున్న పెద్దమ్మాయి. హుజురాత్ సూరా 12వ ఆయత్ గీబత్‌తో పాటు తజస్సుస్‌ను, అంటే ఇతరుల గుట్టు కూపీ లాగడాన్ని కూడా నిషేధించింది కదా.

వాడు మారుమాట్లాడకుండా ఫోనుతో తన గదిలోకి వెళ్ళిపోయాడు. ఓటు వేశాడో లేదో నేను అడగలేదు. అడిగితే అదీ కూపీ లాగడమేనని మా అమ్మాయి అనేది.