ఆజ్ఞగా మారే అక్షరాలు

తాండూరు నాపరాతి బండలను చదరపు అడుగుల లెక్కన అమ్ముతారు. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల బండలు 25 ఉంటే వాటి మొత్తం వైశాల్యం 2×2×25, అనగా 100 చదరపు అడుగులు. ఇటువంటి లెక్కలను కంప్యూటరు చేత చేయించాలని వికారాబాదు విద్యార్థి ఒకడు తలచాడనుకుందాం. లెక్కను టైపు చేయగానే జవాబు రావాలి. పైథాన్ భాషలో ఇందుకు ‘ఇవాల్’ అనే సాధనం ఉన్నది. టైపు చేసిన అక్షరాలను దానికి అందిస్తే చాలు. అది వాటిని ప్రోగ్రాముగా గ్రహించి, విలువ కట్టి ఫలితం చెబుతుంది. ఒక్క పంక్తితో పని ముగుస్తుంది. కాని అపాయం కూడ ఆ పంక్తిలోనే ఉన్నది.

అపాయం ఎక్కడ?

లెక్కకూ ఆజ్ఞకూ గల భేదం ఇవాల్‌కు తెలియదు. లెక్కకు బదులు, ఒక ఫైలును తుడిచివేయమనే అర్థం గల పైథాన్ మాటలను ఎవరైనా టైపు చేస్తే అదీ జరిగిపోతుంది. ప్రోగ్రామును నడిపే వ్యక్తికి ఆ కంప్యూటరుపై ఏ అధికారాలు ఉన్నవో, అవన్నీ టైపు చేసినవానికి సంక్రమిస్తాయి. ప్రోగ్రాము విద్యార్థి బల్లపైనే ఉన్నంతవరకు నష్టం స్వల్పం. తన ఫైళ్లను ఎవడూ కావాలని తుడుచుకోడు. దానిని ఇంటర్నెట్టులో పెట్టి, ఎవరైనా లెక్క పంపవచ్చునన్నప్పుడు, ఆ కంప్యూటరులోని మార్కుల పట్టిక అపరిచితుని చేతికి చిక్కినట్లే.

ఈ సాధనం పనికిరానిదని కాదు. 1960లో జాన్ మెకార్తీ ప్రచురించిన లిస్పు వ్యాసంలో ‘ఇవాల్’ అనే ప్రమేయం ఉన్నది. లిస్పులో వ్రాసిన ఏ వాక్యానికైనా విలువ కట్టగల ప్రమేయమది. ఆయన దానిని సిద్ధాంత నిరూపణ కొరకే ఉద్దేశించాడు. సహచరుడు స్టీవ్ రస్సెల్ దానిని ఐబీఎం 704 యంత్ర భాషలోనికి మార్చి నిజంగానే నడిపించాడు. లిస్పు ఇంటర్‌ప్రెటరు అట్లు పుట్టినది.

ఏరివేత చాలదు

అపాయకరమైన మాటల జాబితా ఒకటి వ్రాసి, అవి కనబడితే నిరాకరించవచ్చును కదా అని తోచవచ్చు. ఇది కందులలో రాళ్లు ఏరుట వంటిది; ఒక్క రాయి కన్నుగప్పినా పంటి కిందికి వస్తుంది. కొందరు పైథాన్‌లోని అంతర్నిర్మిత ప్రమేయాలన్నిటినీ తొలగించి ఇవాల్‌ను నడుపుతారు. అదీ చాలదు. పైథాన్‌లో ప్రతి వస్తువుకూ ఒక తరగతి, ఆ తరగతికి ఒక మూల తరగతి ఉంటాయి. మూలం నుండి దిగివచ్చిన సంతతిని కూడ జాబితాగా అడుగవచ్చును. కనుక ఖాళీ బ్రాకెట్ల జత ఒక్కటి దొరికినా, దాని వంశవృక్షం వెంట పైకి ఎక్కి, వేరొక కొమ్మ మీదుగా దిగి, దాచిన సాధనాలను చేరవచ్చును.

అనుమతి జాబితా

పరీక్ష హాలు గుమ్మం వద్ద రాకూడని వారి పేర్లు వ్రాసి పెట్టుకోరు. హాల్‌టికెట్టు ఉన్నవారినే లోనికి పంపుతారు. ఇక్కడా అదే ఉపాయం. మొదట అక్షరాలను నడపకుండా, వాక్య నిర్మాణాన్ని మాత్రం చదివి వృక్షంగా మార్చాలి. 2×2×25 అనే లెక్కలో వృక్షపు మొదట ఒక గుణకారం ఉన్నది. దాని ఒక కొమ్మ 25. రెండవ కొమ్మ మరొక గుణకారం. దాని చివర 2, 2 ఉన్నవి. ప్రోగ్రాము ఈ కొమ్మలన్నిటినీ చూసి, సంఖ్యలు, కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం తప్ప మరేది కనిపించినా తిరస్కరించాలి. ఫైలును తుడిచే మాటకు ఈ జాబితాలో చోటే లేదు.

లెక్క అవసరం లేక, కేవలం సంఖ్యలను, జాబితాలను చదువుకొనుటకైతే 2008లో వెలువడిన పైథాన్ 2.6 నుండి ‘లిటరల్ ఇవాల్’ అనే సాధనం ఉన్నది. జావాస్క్రిప్టులోనూ పూర్వం జేసన్ రూపంలో వచ్చిన సమాచారాన్ని ఇవాల్‌తో చదివే అలవాటు ఉండేది. 2009 నాటి ప్రమాణంలో ఆ పనికి ప్రత్యేక ప్రమేయం చేరింది. అది సమాచారాన్ని చదువుతుంది, ఆజ్ఞలను అమలు జరపదు.

లెక్క సైతం ముంచవచ్చు

దురుద్దేశం గల మాటలు లేకున్నా, కేవలం లెక్కే కంప్యూటరును స్తంభింపజేయవచ్చును. 9 యొక్క 9వ ఘాతం 38,74,20,489. ఇక 9ని అన్నిమార్లు హెచ్చించుమంటే వచ్చే సంఖ్యలో 36 కోట్ల 96 లక్షలకు పైగా అంకెలుంటాయి! అందుచేత ఘాతాన్ని అనుమతించకపోవుట, లేదా దానికి హద్దు పెట్టుట అవసరం. టైపు చేయదగిన అక్షరాల సంఖ్యకూ హద్దు ఉండాలి.

ఒక్కొక్కప్పుడు ఇతరులు వ్రాసిన పూర్తి ప్రోగ్రామునే నడపవలసి వస్తుంది. విద్యార్థుల ప్రోగ్రాములను పరీక్షించే పద్ధతి ఇందుకు ఉదాహరణ. అనుమతి జాబితా అక్కడ సరిపోదు. అట్టి ప్రోగ్రామును వేరుగా, ఏ అధికారమూ లేని గదిలో ఉంచినట్లు నడపాలి. ముఖ్యమైన ఫైళ్లు, ఇంటర్నెట్టు దానికి అందరాదు. కాలానికీ జ్ఞాపకశక్తికీ మితి ఉండాలి. మితి దాటగానే ఆపరేటింగ్ సిస్టం దానిని ఆపివేయాలి.

విద్యార్థులు 2×(3+4) అనే లెక్కకు వృక్షం గీసి చూడవచ్చును. మొదట ఉండేది గుణకారమా, కూడికా? బ్రాకెట్లు తీసివేస్తే వృక్షం ఎట్లు మారుతుంది? ఈ వృక్షాన్ని కొమ్మ కొమ్మగా పరిశీలించుట తెలిసినవాడు, అపరిచితులు పంపిన లెక్కకు ఇవాల్ లేకుండానే జవాబు చెప్పగల ప్రోగ్రామును వ్రాయగలడు.