జీతపు పట్టీకి ఎక్కని కాపలా

1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపైన, కాకినాడపైన బాంబులు వేసిననాడు, సముద్రముమీద కన్ను వేసియుంచువాని విలువ మన తీరవాసులకు తెలిసివచ్చినది. అదే యుద్ధమున పసిఫిక్ దీవులలో అట్టి కాపలాను స్వచ్ఛందముగా కాచినవారు కలరు. వారి జీతభత్యముల సంగతిని నేడు శ్రోతలకు మనవి చేయదలచినాము.

మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట ఆస్ట్రేలియా నౌకాదళము తీరపరిశీలకుల ఏర్పాటును ఆరంభించినది. 1939 నాటికి అందు ఇంచుమించు 800 మంది ఉండిరి. వారు సైనికులు కారు. పోస్టుమాస్టర్లు, రేవు అధికారులు, కొబ్బరితోటల దొరలు, చిన్న ఉద్యోగులు. ఎవరి సంపాదన వారిదే. కాపలాకు జీతము లేదు.

శాంతికాలమున ఇది చౌకబేరముగానే తోచినది. కాని జీతపు పట్టీలో పేరు లేనివాడు సైన్యపు లెక్కలోనూ లేనివాడే. యూనిఫారము లేక వార్తలు పంపువాడు శత్రువు చేజిక్కినచో యుద్ధఖైదీ కాడు, గూఢచారి యగును. అతడు మరణించినచో ఇంటివారు సైనిక పింఛను కోరుటకు ఆధారముండదు. దీవులలో ఈ పనిని నడపిన ఎరిక్ ఫెల్ట్ ఈ చిక్కును గ్రహించి, తనవారికి నౌకాదళ హోదాలు ఇప్పించుటకు పట్టుపట్టినాడు. 1942 మార్చిలో టబార్ దీవిలోని కార్నీలియస్ పేజ్‌కు సబ్‌లెఫ్టినెంటు హోదా లభించినది. హోదా దక్కినది గాని ప్రాణము దక్కలేదు. ఆ యేడే జపానువారు అతనిని పట్టుకొని చంపినారు.

అదే సంవత్సరము అక్టోబరు 15న తరావా దీవిలో 17 మంది న్యూజిలాండు పరిశీలకులు వధింపబడిరి. వారిలో పదిమంది సైనికులు. ఏడుగురు తపాలాశాఖకు చెందిన రేడియో ఆపరేటర్లు. చేసిన పని ఒకటే, పొందిన మరణమూ ఒకటే. ఉద్యోగపు చిట్టాలు మాత్రము వేరు.

ఈ కాపలా ఫలమెంతటిదో ఒక్క ఉదాహరణము చాలును. 1942 ఆగస్టు 7న అమెరికా సేనలు గ్వాడల్‌కెనాల్‌లో దిగుచుండగా, బూగన్‌విల్ కొండలనుండి పాల్ మేసన్ 24 జపాను విమానములు వచ్చుచున్నవని ముందుగానే రేడియోలో తెలిపినాడు. ఓడలు సిద్ధపడుటకు వ్యవధి చిక్కినది.

మేసన్ వంటివారి రేడియో తేలికైనది కాదు. బ్యాటరీలు, ఛార్జింగు ఇంజనుతో కూడ దానిని అడవిలో మోయుటకు పదిమందికి పైగా కావలెను. మోసినవారు, దారి చూపినవారు, తిండి సమకూర్చినవారు దీవివాసులు. వారిలో జేకబ్ వౌజా అను విశ్రాంత పోలీసు జపానువారి బయొనెట్ పోట్లకు గురియైయును రహస్యము చెప్పలేదు. కట్లు తెంచుకొని వచ్చి అమెరికా దళములను హెచ్చరించినాడు. అతనికి జార్జి మెడల్, 1979లో సర్ బిరుదమును లభించినవి. అతని వెంట నడచిన ఎందరి పేర్లో ఏ పట్టికకును ఎక్కలేదు.

జీతమనగా కూలిడబ్బు మాత్రమే కాదు. ‘వీడు మావాడు, వీని కష్టసుఖములు మావి’ అని ప్రభుత్వము వ్రాసి ఇచ్చు మాట అది. కాపలా పెట్టుకొనుటకు ముందే ఆ మాట వ్రాసియుండవలెనని మా అభిప్రాయము.