దేహం ఎవరిది, ఆత్మ ఎవరిది

చిలకలూరిపేట చుట్టుపక్కల మిరపకోతలకు పోయే ఆడవాళ్ళను సాయంత్రంపూట పలకరిస్తే ముందు చేతులు చూపిస్తారు. ఘాటు గోళ్ళసందుల్లోకి దిగి వుంటుంది. ఆ చేత్తో అన్నం కలుపుకోవాలన్నా, చంటిపిల్లను ఎత్తుకోవాలన్నా భయమే. అటువంటి మనిషి దగ్గరకెళ్ళి "అమ్మా, మండేది నువ్వు కాదు, నీ దేహం. నువ్వు ఆత్మవి" అంటే ఆమె నవ్వుతుందో తిడుతుందో గాని ఒప్పుకోదు. అయినా తరతరాలుగా ఎవరో ఒకరు ఆమెకు ఈ మాట చెబుతూనే వున్నారు. ఆత్మ వుందా లేదా అనేది నేనిక్కడ తేల్చబోవడం లేదు. దాన్ని దేహం నుంచి విడదీసినప్పుడల్లా ఎవరి దేహం చవకైపోయింది అన్నదే నా ప్రశ్న.

ముందు మాటలు చూద్దాం. పల్లెలో మనిషి చనిపోతే "ప్రాణం పోయింది", "జీవుడు ఎల్లిపోయాడు" అంటారు. "ఆత్మ పోయింది" అనగా నేను వినలేదు. అన్యాయం చేసినవాడికి "ఉసురు తగులుద్ది" అంటారు. ప్రాణం, జీవం, ఉసురు, ఇవన్నీ ఊపిరితో, ఒంటితో ముడిపడ్డ మాటలు. ఆత్మ అనే మాట మన నోట ధారాళంగా వచ్చేది ఆకలేసినప్పుడు. ఆత్మారాముడు గోలపెడుతున్నాడంటే కడుపు కాలుతోందని. పండితులకిది వేళాకోళం, నాకు మాత్రం నిర్వచనంలా కనపడుతుంది. ఇంకో మాట ఆత్మహత్య. 1987-88లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిరైతులు పురుగుమందు తాగి చనిపోయారు. ఆత్మకు చావు లేదన్న శాస్త్రం నిజమైతే ఆ మాటకు అర్థం వుండకూడదు. సంస్కృతంలో ఆత్మ అంటే 'తాను' అని కూడా అర్థం వుంది కాబట్టి మాట నిలబడింది. ఆ తాను ఒళ్ళు లేకుండా లేడు.

ఆత్మ వేరు, దేహం వేరు అన్న సిద్ధాంతం మనకు ఎక్కువగా గీత పేరుతో చేరింది. యుద్ధం చెయ్యనని కూచున్న అర్జునుడికి కృష్ణుడు చెప్పేది ఇదే. చచ్చేది దేహమే, ఆత్మ చావదు. పాతబట్ట విడిచి కొత్తబట్ట కట్టుకున్నట్టు అది దేహాన్ని మారుస్తుంది. పత్తి ఏరినవాళ్ళకు, నేసినవాళ్ళకు, ఉతికినవాళ్ళకు బట్ట అంత తేలిగ్గా విడిచేది కాదు. అది అలా వుంచుదాం. గీత మీద రాస్తూ అంబేద్కర్ ఈ వాదాన్ని నేరుగా కోర్టులోకి పట్టుకొచ్చాడు. హత్యకేసులో ముద్దాయి తరఫున కృష్ణుడే వకీలుగా నిలబడి ఇదే చెబితే ఆయన్ని పిచ్చాసుపత్రికి పంపుతారన్నాడు. 1985 జూలై 17న కారంచేడులోనూ, 1991 ఆగస్టు 6న చుండూరులోనూ మనవాళ్ళను నరికినవాళ్ళు గీత చదివి కత్తులు పట్టారని నేననను. నేననేది ఇంకోటి. ఆత్మలన్నీ సమానమనడానికి ఎవరికీ ఖర్చు లేదు. ఆ సమానత్వానికి బావి దగ్గరా, కంచం దగ్గరా, శ్మశానం దగ్గరా పని వుండదు.

ఈ విషయంలో మన వాడల్లో అందరికీ తెలిసిన కథ ఒకటుంది. పోతులూరి వీరబ్రహ్మం తన శిష్యుడైన దూదేకుల సిద్దయ్యకు ఒకసారి పిండాండం గురించి బోధిస్తున్నాడు. దేహంలో ఆరు చక్రాలున్నాయి, మూలాధారంలో గణపతి, స్వాధిష్ఠానంలో బ్రహ్మ, మణిపూరకంలో విష్ణువు, ఇలా ఒక్కోచోట ఒక్కో దేవుడు కొలువై వున్నాడని. మాదిగవాడైన కక్కయ్య ఆ మాటలు విన్నాడు. ఇంటికెళ్ళి నిద్రపోతున్న భార్యను కోసి చూశాడు. నెత్తురు, పేగులు తప్ప దేవుళ్ళెవరూ కనపడలేదు. బ్రహ్మంగారు అబద్ధాలకోరని కేకలేసుకుంటూ తిరిగొచ్చాడు. బ్రహ్మంగారు వచ్చి తత్త్వం విప్పి చెప్పి, ఆమెను బతికించాడు. కక్కయ్య శిష్యుడయ్యాడు.

ఈ కథను కక్కయ్య మూఢత్వానికి ఉదాహరణగా చెప్పేస్తారు. నిజంగా మూఢుడేనా? గొడ్డు చస్తే తోలు ఒలిచి, కండ తీసి, లందలో వేసి తంగేడు చెక్కతో పదును చేసే కులం అతనిది. కాలేయం ఎక్కడుంటుందో, ఊపిరితిత్తులు ఏ రంగులో వుంటాయో పుస్తకం చదవకుండానే తెలిసినవాళ్ళు. ఒంట్లో ఫలానా చోట ఫలానావాడున్నాడంటే "చూపించు" అని అడగడం అతని పనిలోనే వున్న బుద్ధి. దేవుళ్ళు లేరన్న అతని సాక్ష్యం కూడా తప్పు కాదు. అది ధ్యానానికి పెట్టుకున్న గుర్తు, ఒంట్లో వస్తువు కాదని అతనికి ముందే ఎవరూ చెప్పలేదు. చాటుగా వినాల్సి వచ్చిన చదువులో ఇటువంటి ప్రమాదం ఎప్పుడూ వుంటుంది.

అయితే కక్కయ్యను వెనకేసుకొచ్చి ఊరుకుంటే అది మగవాళ్ళ వ్యాసమైపోతుంది. సత్యం తేల్చుకోవడానికి అతను తన ఒళ్ళు కోసుకోలేదు. గురువు దేహమూ కాదు, కరణం దేహమూ కాదు. పక్కన నిద్రపోతున్న ఆడమనిషి. లేచి కూచున్నాక ఆమె ఏమందో నేను విన్న ఏ కథలోనూ లేదు.

కక్కయ్య కథలో మనిషయితే, యర్రగుంట్ల పేరయ్య చరిత్రలో మనిషి. ఒంగోలు వైపు మాదిగ. క్రైస్తవం తెలియకముందే రాజయోగం అభ్యసించాడు. ఆత్మ గురించి మాదిగవాడ అడిగిన ప్రశ్నలు మిషనరీలు నేర్పినవి కావనడానికి ఆయనే సాక్ష్యం. తర్వాత ఒంగోలు బాప్టిస్టు మిషన్ తొలి బోధకుల్లో ఒకడయ్యాడు. 1876-78 కరువులో ఆ మిషన్ నడిపిన క్లౌ దొర బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చాడు. కూటి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది మునిగారు. దొర నిజాయితీని శంకించనక్కర్లేదు. అయితే కడుపు కోసం వచ్చినవాడు వేరు, ఆత్మ కోసం వచ్చినవాడు వేరు అన్న ఆ గీత మన జనానికి ఎప్పుడూ సరిగ్గా కనపడలేదు. కరువులో గంజి పోసిన చెయ్యి, అంటుకోవచ్చు అన్న చెయ్యి ఒకటే అయినప్పుడు ఎక్కడ గీస్తారు?

ప్రభుత్వం మాత్రం గీసింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులం హిందువుకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా, క్రైస్తవం తీసుకున్నవాడికి అట్రాసిటీ చట్టం వర్తించదంది. ఆత్మ మతం మారితే కులం పోతుందని చట్టం నమ్మకం. తిట్టేవాడు, కొట్టేవాడు ఆత్మను చూసి కొట్టడు కదా.

ఇక బౌద్ధం. అమరావతి స్తూపానికి దానమిచ్చినవాళ్ళ శాసనాల్లో విధికుడనే చర్మకారుడి పేరుంది. తోలుపని చేసేవాడు, అందులోనూ ఉపాధ్యాయుడైన నాగుడి కొడుకు. పూర్ణఘటం చెక్కిన పలక ఇచ్చాడు. కక్కయ్యలా అతను చాటుగా వినాల్సిన అవసరం వున్నట్టు లేదు. అక్కడ వినిపించిన బోధకు పేరు అనాత్మ. దేహం, వేదన, సంజ్ఞ, సంస్కారాలు, విజ్ఞానం, ఇవన్నీ కలిసి మారుతూ సాగే ప్రవాహమే మనిషి. లోపల మారని ముద్ద ఏదీ లేదు. అంబేద్కర్ 1957లో, ఆయన పోయాక అచ్చయిన 'బుద్ధుడు, ఆయన ధమ్మం'లో ఆత్మను తోసిపుచ్చి, చావంటే దేహంలోని భూతాలు బయటి భూతాల్లో కలవడమేనని వివరించాడు.

విద్యార్థులు ఇక్కడ ఒక మంచి ప్రశ్న వేస్తారు. ఆత్మే లేకపోతే తప్పు చేసినవాడెవడు, శిక్ష ఎవడికి? మిళిందరాజు కూడా నాగసేన భిక్షువును దాదాపు ఇదే అడిగాడు. నాగసేనుడు మామిడిపళ్ళ దొంగను ఉదాహరణగా తెచ్చాడు. నేను కోసిన పళ్ళు ఆయన నాటినవి కావు, నాటింది టెంక కదా అని దొంగ వాదించినా తప్పించుకోలేడు. ఆ టెంక నుంచే ఈ పళ్ళు వచ్చాయి. కాబట్టి బాధ్యత పోదు. పోయేదల్లా "వీడి నైజమే ఇది, వీడు మారడు" అన్న తీర్పు.

ఈ తేడా పుస్తకాల తేడా కాదని చిలకలూరిపేట చెబుతుంది. 1993 మార్చి 8న హైదరాబాదు నుంచి చిలకలూరిపేటకు వస్తున్న ఆర్టీసీ బస్సులో ఇద్దరు దళిత యువకులు దోపిడీకి దిగి పెట్రోలు పోసి నిప్పంటించారు. 23 మంది ప్రయాణికులు చనిపోయారు. ఆ 23 మందినీ పక్కనబెట్టి ఈ కేసు మాట్లాడటం నాకు చేతకాదు. కాలిపోయినవి పాతబట్టలు కావు. సెషన్సు కోర్టు ఉరి వేసింది, పై కోర్టులు ఖాయం చేశాయి, 1996లో సుప్రీంకోర్టు కూడా. క్షమాభిక్షను రాష్ట్రపతి శంకర్‌దయాళ్ శర్మ తిరస్కరించారు. 1997 మార్చిలో ఉరికి తేదీ పెట్టాక ఆఖరి ఘడియల్లో అది ఆగింది. వాళ్ళు దోచుకోవడానికి వెళ్ళారు గాని చంపడానికి కాదని, మారడానికి మనిషికి బతుకు మిగలాలని పౌరహక్కులవాళ్ళు, దళిత సంఘాలు వాదించాయి. అనాత్మ అనే పేరు వాడలేదు గాని రెండో మాట అదే.

ఇంకో లెక్క కూడా అప్పుడు అందరి మనసులో వుంది. చుండూరులో ఎనిమిదిమందిని చంపినవాళ్ళెవరికీ ఉరితాడు దరిదాపుల్లోకి రాలేదు. ఆ కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఎవరి దేహానికి ఎంత విలువో ఈ రెండు కేసుల కాగితాలు పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

బస్సు కేసులో 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ఉరిని యావజ్జీవంగా మార్చారు. ఇద్దరూ జైల్లోనే వుండిపోయారు, ప్రాణాలతో.