గొంతును బట్టి బాణీ: సరస్వతీదేవి

హార్మోనియం పాఠాలు చెప్పుకుని బతికేదాన్ని. ఏ పాట విన్నా, దీన్ని ఎలాంటి గొంతు కోసం కట్టారా అని చూడటం నాకు అలవాటు. లతా మంగేష్కర్ పాడితే ఎవరి బాణీ అయినా నిలబడుతుంది. పాట రానివాళ్ల చేత పాడించి, ఆ పాటను ఊరూవాడా కూనిరాగం తీసేలా చేయడం వేరే విద్య. అందులో సరస్వతీదేవిని మించినవాళ్లు నాకు కనిపించలేదు.

అసలు పేరు ఖుర్షీద్ మినోచర్ హోంజీ. 1912లో బొంబాయి పార్సీ కుటుంబంలో పుట్టింది. హిందుస్తానీ రాగాలను పది థాట్ల కింద సర్దిపెట్టిన భాత్‌ఖండే పండితుడి దగ్గర నేర్చుకుంది. లక్నో మారిస్ కాలేజీలోనూ చదివింది. బొంబాయి రేడియోలో తోడబుట్టిన మాణెక్‌తో కలిసి పాడేది. మలాడ్‌లో బాంబే టాకీస్ పెట్టిన హిమాంశు రాయ్ ఇద్దరినీ స్టూడియోకి పిలిచాడు. పార్సీ పెద్దలు భగ్గుమన్నారు, తమ ఇళ్ల ఆడపిల్లలు సినిమాల్లో చేరడమేమిటని. దాంతో ఖుర్షీద్ సరస్వతీదేవి అయింది, మాణెక్ చంద్రప్రభ అయింది. పేర్లు మార్చినా 1935లో మొదటి సినిమా ‘జవానీ కీ హవా’కి నిరసనలు తప్పలేదు.

మొదటి సంగీత దర్శకురాలు ఈవిడా, అదే ఏడాది ‘తలాషే హక్’కి బాణీలు కట్టిన జద్దన్ బాయా అన్న వాదన ఉంది. నాకు ఆ పోటీ మీద ఆసక్తి లేదు. ఏళ్ల తరబడి ఒకే స్టూడియోలో, సినిమా వెనక సినిమాకి అదే ఉద్యోగంగా చేసింది మాత్రం సరస్వతీదేవి.

ఆ రోజుల్లో పాటను ముందుగా రికార్డు చేసుకోవడమన్నది బాంబే టాకీస్‌లో లేదు. కెమెరా తిరుగుతుండగానే నటులు పాడాలి. వాద్యగాళ్లు కెమెరా కంట పడకుండా చెట్ల చాటునో, సెట్టు వెనకో కూర్చుని వాయించాలి. ఒకసారి చంద్రప్రభకు గొంతు పట్టేస్తే, ఆమె పెదవులు కదుపుతుంటే పక్కనుంచి సరస్వతీదేవే పాడేసింది. మన దేశంలో ప్లేబ్యాక్ తొలి రోజుల కథల్లో ఇదొకటి.

అసలు చిక్కు అశోక్ కుమార్‌తో. ఆయన స్టూడియో లేబొరేటరీలో పని చేసేవాడు, అనుకోకుండా హీరో అయ్యాడు. గాయకుడు కాదు. దేవికా రాణీ కూడా అంతంతమాత్రమే. ఈ ఇద్దరినీ పెట్టుకుని 1936లో ‘అఛూత్ కన్యా’. అందులో వాళ్లిద్దరూ కలిసి పాడే అడవిపిట్ట పాటను వాయించి చూడండి. గొంతు పెద్దగా పైకి పోనక్కర్లేదు, కిందికి దిగనక్కర్లేదు. గమకాల పని లేదు. మాటలు చిన్నచిన్న ముక్కలుగా విరిగి, ఊపిరి పీల్చుకోవడానికి చోటిస్తాయి. అంత శాస్త్రం చదివిన మనిషి తన విద్వత్తునంతా పక్కన పెట్టి కట్టిన బాణీ అది. సంగీతం వచ్చినవాళ్లకు ఆ పని ఎంత కష్టమో నాకు తెలుసు. ఒక్క సంగతైనా వేయందే వేళ్లు ఊరుకోవు! పైగా ఆ హీరో హీరోయిన్ల చేత రోజుల తరబడి సాధన చేయించింది.

బ్రాహ్మణ కుర్రాడు, దళిత పిల్ల ప్రేమించుకునే కథ అది. రెండేళ్లకి అలాంటి ప్రేమకథతోనే మనకు గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ వచ్చింది. అక్కడా కాంచనమాల తన పాటలు తానే పాడుకుంది.

సరస్వతీదేవి ఆ తరువాత ‘కంగన్’, ‘బంధన్’, ‘ఝూలా’లకు పని చేసింది. సొహ్రాబ్ మోదీ ‘పృథ్వీ వల్లభ్’ (1943) సంగీతంలోనూ పాలుపంచుకుంది. ఆపైన అవకాశాలు తగ్గిపోయాయి. పెళ్లి చేసుకోలేదు. సంగీత పాఠాలు చెప్పుకుంటూ గడిపి, 1980లో పోయింది.

ఆవిడ బాణీలు మాత్రం వేరే పేర్ల కింద తిరుగుతున్నాయి. ‘జీవన్ నయ్యా’ (1936)లో అశోక్ కుమార్ చేత పాడించిన విషాద గీతాన్నే ఆయన తమ్ముడు కిశోర్ కుమార్ 1961లో ‘ఝుమ్రూ’కి తెచ్చుకున్నాడు, సంగీత దర్శకుడిగా తెర మీద పడింది కిశోర్ పేరు. ‘పడోసన్’ (1968)లో మన్నా డే, కిశోర్ పోటీపడి నవ్వించే ‘ఏక్ చతుర్ నార్’ పల్లవి 1941 నాటి ‘ఝూలా’లోది. ‘పడోసన్’ పేర్లలో ఉన్నది ఆర్.డి. బర్మన్. అన్నదమ్ములిద్దరి నోటా ఆవిడ బాణీయే పలికిందని చాలామంది అభిమానులకే తెలియదు.

మన తెలుగులో భానుమతి ‘చక్రపాణి’కి, పి. లీల సావిత్రి తీసిన ‘చిన్నారి పాపలు’కి బాణీలు కట్టారు, 90లలో ఎం.ఎం. శ్రీలేఖ వచ్చింది. పెద్ద జాబితా కాదు. లీల పేరు చెప్పగానే గాయని అంటారే తప్ప స్వరకర్త అని ఎవరూ అనరు.

‘ఝూలా’ పాట ఇప్పటికీ యూట్యూబ్‌లో దొరుకుతుంది. ముందు అది వినండి. తరువాత ‘పడోసన్’ పెట్టుకోండి.