వచ్చిపోయేవారి సాయం

ఆఫ్రికాలో ఏదో ఒక ఊరికి విమానమెక్కి వెళ్లడం, పది రోజులుండి చర్చి గోడలకు రంగులు వేయడం, వైద్య శిబిరం పెట్టడం, పిల్లలతో పాటలు పాడించడం, తిరిగొచ్చి ఆదివారం ఆరాధనలో ఫొటోలు చూపించడం. దీన్నే మిషన్ ట్రిప్ అంటున్నారు. అమెరికాలో ఇది చిన్న వ్యవహారం కాదు. చర్చికి వెళ్లే అమెరికన్లలో ఏటా సుమారు 16 లక్షల మంది ఇలా విదేశాలకు వెళ్లివస్తున్నారని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ వత్నో లెక్కగట్టారు. వాళ్లు వెళ్లే దేశాల్లో కెన్యా, ఉగాండా, టాంజానియా వంటివి చాలామందికి తెలిసిన పేర్లే.

ఇంతమంది వెళ్లిరావడం వల్ల అక్కడి సంఘాలకు ఒరిగేదేమిటి? ఈ ప్రశ్నకు జవాబు కోసం ఆఫ్రికా దాకా పోనక్కర్లేదు. నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాలు నూటముప్పై ఏళ్ల కిందటే ఈ సాయాన్ని పుచ్చుకోవడం మొదలుపెట్టిన చోట్లు. ఇచ్చినవాళ్లు రాసుకున్న నివేదికలు బోలెడున్నాయి. పుచ్చుకున్నవాళ్ల అనుభవం మాత్రం ఎవరూ పెద్దగా అడగలేదు.

1889 చివర్లో అబ్రహాం ఫ్రీసెన్, ఆయన భార్య మరియ సికింద్రాబాదు చేరారు, మరుసటి ఏడు నల్లగొండలో దిగారు. వీళ్లు ఇంగ్లీషువాళ్లూ కాదు, అమెరికన్లూ కాదు. అప్పటి రష్యా సామ్రాజ్యంలో, ఇప్పటి ఉక్రెయిన్‌లో, జర్మన్ మాట్లాడే రైతు పల్లెల నుంచి వచ్చిన మెన్నోనైట్ బ్రదరెన్ శాఖవాళ్లు. గోధుమ పండించుకునే ఆ పల్లెలవాళ్లు వేసిన కానుకలతోనే నిజాం రాజ్యంలోని నల్లగొండలో మిషన్ నడిచింది. పని మాత్రం బోస్టన్ కేంద్రంగా ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషన్‌తో కలిసి చేశారు. వాళ్ల వెనక వచ్చినవాళ్లు సూర్యాపేట, జనగామ వైపు విస్తరించారు. అటు 1899 నుంచి అమెరికాలోని మెన్నోనైట్ బ్రదరెన్లు కూడా హైదరాబాదుకు వచ్చి, మలక్‌పేట నుంచి దక్షిణంగా నాగర్‌కర్నూలు, దేవరకొండ, వనపర్తి దాకా తమ స్టేషన్లు పెట్టుకున్నారు.

1914లో యుద్ధం వచ్చింది. 1917లో రష్యాలో విప్లవం వచ్చింది. కానుకలు పంపే పల్లెలే చెల్లాచెదురయ్యాయి, డబ్బు ఆగిపోయింది. నల్లగొండలో పాఠాలు చెప్పే పంతులుకూ, ఊరూరా తిరిగే ప్రసంగీకుడికీ జీతం ఎక్కడో నల్ల సముద్రం అవతల పండే గోధుమ మీద ఆధారపడి ఉందన్న సంగతి అప్పుడే తెలిసొచ్చి ఉంటుంది. చివరికి ఆ స్టేషన్లు అమెరికన్ బాప్టిస్టుల చేతికి పోయాయి. అప్పటిదాకా బాప్టిస్టుల చేతిలో ఉన్న మహబూబ్‌నగర్ స్టేషను 1937లో అమెరికన్ మెన్నోనైట్లకు వచ్చింది. నల్లగొండ, సూర్యాపేట వైపు పాత సంఘాలు ఎక్కువగా బాప్టిస్టులవి, పాలమూరు వైపువి ఎక్కువగా మెన్నోనైట్లవి కావడానికి కారణం సిద్ధాంతం కాదు, ఈ పంపకం. ఎవరు ఏ శాఖలో ఉండాలో సంఘాన్ని అడిగి చేసిన పంపకం కాదది.

వచ్చినవాళ్లు ఊరికే వచ్చిపోయారని మాత్రం అనలేం. కేథరీనా షెలెన్‌బర్గ్ అనే డాక్టరమ్మ 1907లో వచ్చి, 1945లో చనిపోయేదాకా ఇక్కడే వైద్యం చేసింది. నాగర్‌కర్నూలు, దేవరకొండ, శంషాబాదు ఊళ్లలో ఆమె చేతి మందు తిన్నవాళ్ల మనవలు ఇప్పటికీ ఉంటారు. జడ్చర్ల మిషన్ దవాఖాన 1950ల మొదట్లో మొదలైంది. వీళ్లను ఇవాళ్టి పది రోజుల బృందాలతో కలిపి మాట్లాడటం తప్పు. వీళ్లు తెలుగు నేర్చుకున్నారు, ఇక్కడి ఎండలు భరించారు, కొందరు ఇక్కడే మట్టిలో కలిశారు. అయినా దీనికి ఇంకో పక్క ఉంది. కాంపౌండు గోడ లోపల దొర, బయట సంఘం. జీతం ఇచ్చేది దొర, తీసేసేదీ దొరే. మాల, మాదిగ పేటల నుంచి వచ్చినవాళ్లకు బడి, దవాఖాన, గౌరవం దొరికిన చోటే నిర్ణయం మాత్రం వాళ్ల చేతికి చాలా ఆలస్యంగా వచ్చింది.

ఇక్కడే పుట్టినవాళ్లకు కూడా ఇక్కడి సంగతులు ఎంత అంతుపట్టలేదో చెప్పే ఉదంతం ఒకటుంది. పాల్ హీబర్ట్ 1932లో శంషాబాదు మిషన్ కాంపౌండులో పుట్టిన మనిషి. తెలుగు చిన్నప్పటి నుంచీ వచ్చు. అమెరికాలో చదువుకుని 1960లో మిషనరీగా తిరిగొచ్చాడు. తర్వాత మానవ శాస్త్రవేత్తగా పేరు తెచ్చుకుని, పాలమూరు జిల్లా పల్లె జీవితం మీద ‘కొండూరు’ అనే పుస్తకం 1971లో అచ్చువేశాడు. ఆయన రాసిన వ్యాసాల్లో ఒకచోట ముచ్చింతల గ్రామంలో మశూచి వచ్చిన సంగతి చెప్తాడు. పిల్లలు చనిపోతున్నారు. అమ్మవారికి కోపమొచ్చింది, దున్నపోతును బలివ్వాలని సోది చెప్పినవాడు చెప్పాడు. ఊరి పెద్దలు ఇంటింటికీ చందా అడిగారు. క్రైస్తవులు ఇవ్వమన్నారు. దాంతో వాళ్లను బావిలో నీళ్లు తోడుకోనివ్వలేదు, అంగడివాళ్లు సరుకులమ్మలేదు. తగాదా తెంపేద్దామని తమలోనే కొందరు నాలుగు పైసలిస్తామంటే సంఘ పెద్ద ఒప్పుకోలేదు. ఈలోగా క్రైస్తవుల పిల్లకే మశూచి సోకింది. ఆ సంఘ పెద్ద నడిచొచ్చి, పిల్ల కోసం మీరు నాతో కలిసి ప్రార్థన చేయండని హీబర్ట్‌ను అడిగాడు.

మోకాళ్లూనినప్పుడు తన మనసంతా కల్లోలంగా ఉందని హీబర్ట్ ఒప్పుకున్నాడు. చిన్నప్పుడు ప్రార్థన నేర్చుకున్నాడు, సెమినరీలో దాని మీద పాఠాలు చదివాడు, ప్రసంగాలూ చేశాడు. కానీ ఊరు ఊరంతా చూస్తుండగా ఒక పిల్ల ప్రాణం కోసం అడగాల్సి వచ్చేసరికి తన చదువు చాలలేదు. పడమటి దేశాల క్రైస్తవం పరలోకం గురించి చెప్తుంది, పడమటి సైన్సు మందు గురించి చెప్తుంది, ఈ రెంటి నడుమ పల్లె మనిషికి నిత్యం ఎదురయ్యే గ్రహచారం, గాలి, ధూళి, అమ్మవారి కోపం సంగతి మాకు కనబడనే లేదని 1982లో ఆయన రాసిన వ్యాసం ప్రపంచమంతటా మిషనరీ కళాశాలల్లో పాఠమైంది. సంఘం తన డబ్బుతో నడవాలి, తన పాలన తాను చేసుకోవాలి, తన సువార్త తాను చెప్పుకోవాలి అని పందొమ్మిదో శతాబ్దంలోనే హెన్రీ వెన్, రూఫస్ యాండర్సన్ అనే మిషన్ నాయకులు చెప్పి ఉన్నారు. ఆ మూడింటికీ నాలుగోదాన్ని హీబర్ట్ చేర్చాడు: సంఘం తన బైబిలు ఆలోచన కూడా తానే చేసుకోవాలి. నా లెక్కలో ఆ నాలుగోది పాలమూరు పల్లెలు ప్రపంచానికి నేర్పిన పాఠం. దాని కింద పేరు మాత్రం ఆయనది.

ఇక్కడ పుట్టి, తెలుగు మాట్లాడిన మనిషి పరిస్థితే అది. పది రోజులకు వచ్చి దుబాసీ చెప్పింది నమ్ముకునే బృందం సంగతి వేరే చెప్పాలా?

డబ్బు లెక్క మరీ సూటిగా ఉంటుంది. 1998లో మిచ్ తుపాను హోండురాస్‌ను కూల్చేశాక అమెరికా నుంచి బృందాలు వచ్చి ఇళ్లు కట్టాయి. కర్ట్ వెర్ బీక్ అనే పరిశోధకుడు ఆ లెక్క తీశాడు. ఒక ఇల్లు కట్టడానికి అక్కడి క్రైస్తవ సంస్థకు సుమారు 2,000 డాలర్లయింది. కట్టడానికి వచ్చిన ఒక్కో బృందం విమాన ఖర్చులతో కలిపి సుమారు 30,000 డాలర్లు పెట్టింది. ఇల్లు పొందినవాళ్లను అడిగితే, రాకుండా ఆ డబ్బే పంపితే మా మేస్త్రీలు ఇంకెన్ని ఇళ్లో కట్టేవారు కదా అన్న తీరులో మాట్లాడినవాళ్లున్నారు. ఉపాధి కోసం బొంబాయి, పూణె బాట పట్టిన పాలమూరు మేస్త్రీల జిల్లాలో ఈ లెక్క ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. దేశంలో ఎక్కడెక్కడి ఆనకట్టలకో కాలువలకో మట్టి మోసిన కూలీల ఊరికి, గోడ కట్టడం రాని కుర్రాళ్లు ఇటుకలు మోయడానికి రావడం కంటే విడ్డూరం ఉండదు.

అయితే డబ్బు పంపి ఊరుకోమనడం కూడా పూర్తి జవాబు కాదు. 1971లో కెన్యా ప్రెస్బిటీరియన్ చర్చి ప్రధాన కార్యదర్శి జాన్ గాటు అమెరికాలో ఒక సభలో నిలబడి, మిషనరీలనూ డబ్బునూ కొంతకాలం పంపడం ఆపండి అన్నాడు. మా కాళ్ల మీద మేం నిలబడటం మీరుండగా కుదరడం లేదన్నది ఆయన మాట సారాంశం. 1974లో లుసాకాలో కలిసిన అఖిల ఆఫ్రికా చర్చిల సమ్మేళనం దాన్ని తన పిలుపుగా తీసుకుంది. ఇక్కడ ఎవరూ అలా పిలుపునివ్వలేదు కానీ వీసాలు బిగుసుకుని 1970లు వచ్చేసరికి పాలమూరు దొరలు దాదాపు అందరూ వెళ్లిపోయారు. సంఘాలు కూలిపోలేదు, పెరిగాయి. కోత పండుగకు వచ్చే ధాన్యం, ఆదివారం కానుక, ఉద్యోగస్తుల దశమ భాగం మీద నడుస్తున్నాయి. పంచాయితీలూ పెరిగాయి. మిషన్ వదిలిపోయిన భూములు, భవనాల చుట్టూ తెలుగు సంఘాల్లో చాలాచోట్ల తగాదాలు కోర్టుల దాకా వెళ్లాయి. నిర్ణయం చేయడం ముందు నుంచీ అలవాటు చేసి ఉంటే ఇన్ని తగాదాలు ఉండేవి కావేమో.

పుచ్చుకున్న చరిత్ర మాత్రమే కాదు, తెలుగువాళ్లకు ఆఫ్రికాకు పంపిన చరిత్ర కూడా ఉంది. 1860 నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు ఒప్పంద కూలీలుగా లక్షా యాభై వేల మందికి పైగా వెళ్లారు. మద్రాసు రేవు నుంచి ఓడ ఎక్కినవాళ్లలో తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్లలో ఒంగోలు, నెల్లూరు వైపు బాప్టిస్టులు కొందరు మాకొక కాపరి కావాలని ఇంటికి కబురు పెట్టారు. తెలుగు బాప్టిస్టు సంఘాలే నడుపుకునే హోమ్ మిషన్ 1903లో జాన్ రంగయ్యను పంపింది. కియర్స్నీ తేయాకు తోటల్లో ఆ ఏడు చివర్లోనే సంఘం ఏర్పడింది. రంగయ్య టూరుకు వెళ్లలేదు. కుటుంబంతో అక్కడే ఉండి 1915లో అక్కడే కన్నుమూశాడు. పిలిచినవాళ్లు ముందుండటం, వెళ్లినవాడు వాళ్ల భాష మాట్లాడటం, పంపిన డబ్బు పేదవాళ్ల కానుకే కావడం, ఈ మూడూ ఆ పనికి బలం. అక్కడా కథ నున్నగా సాగలేదు. 1914 నాటికే సంఘం రెండు పాయలైంది. తెల్లదొర లేకపోయినంత మాత్రాన నాయకత్వం తగాదా ఉండదనుకోకూడదు.

నల్లగొండ నుంచి ఆఫ్రికాకు వెళ్లింది ఇంకొకటి ఉంది, దానికి మతంతో పని లేదు. బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువై ఎముకలు వంగిపోయే ఈ జిల్లా పేరుతోనే, పటికా సున్నమూ కలిపి ఫ్లోరైడును అడుక్కి దించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో తయారుచేసింది. దాన్ని ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అంటుంది. ఇథియోపియా రిఫ్ట్ లోయలోనూ టాంజానియాలోనూ దాన్ని వాడి చూశారు. కెన్యాలో నకూరు కేథలిక్ డయాసిస్ మరో దారి పట్టి, ఎముకల బొగ్గుతో వడపోత చేయించింది. పటిక రోజూ కొనాలి, కొలత తప్పకూడదు, అడుగున దిగిన మడ్డిని పారబోసే చోటుండాలి. ఈ పని చేసే మనిషి ఊళ్లో లేకపోతే ట్యాంకు అలంకారమే. మిషన్ ట్రిప్పువాళ్లకు ఎంతో ఇష్టమైన పని బోరు వేయించి రిబ్బన్ కత్తిరించడం. నీళ్లు పరీక్ష చేయించకుండా లోతుగా వేసిన బోరు ఏం చేస్తుందో మర్రిగూడ, మునుగోడు వైపువాళ్లను అడగాలి.

ఇవన్నీ తెలిసి కూడా మన సంఘాల నుంచి ఆఫ్రికా వెళ్లదలచినవాళ్లు ఉంటారు, వెళ్లొద్దని నేననను. కెన్యా, ఉగాండా, ఇథియోపియా వంటి దేశాలకైతే ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)లో వేస్తారు. టీకాతో పాటు ఇచ్చే పసుపుపచ్చ కార్డు లేకుండా తిరిగొస్తే ఇక్కడ విమానాశ్రయంలో క్వారంటైన్ తప్పకపోవచ్చు. మన ట్రస్టు డబ్బు దేశం బయట ఖర్చుపెడితే దానికి ఆదాయపు పన్ను మినహాయింపు మామూలుగా దొరకదు, కాబట్టి ముందే ఆడిటరును అడగడం మేలు. విదేశీ విరాళాల చట్టం 2020లో మారాక, బయటి నుంచి వచ్చే డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాకే చేరాలి, దాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయడానికీ లేదు. అవతలి దేశాల్లోనూ ఇలాంటి నిబంధనలుంటాయి, అవి అక్కడి సంఘానికే తెలుస్తాయి.

ఫొటోల సంగతి ఇంకా సున్నితం. ఇక్కడ దళిత కుటుంబం క్రైస్తవంలోకి మారిందని కాగితాల్లో తేలితే ఎస్సీ హోదా పోయి బీసీ-సీ కిందికి వస్తుంది. వచ్చిన అతిథి సరదాగా ఫేస్‌బుక్‌లో పెట్టిన బాప్తిస్మం ఫొటో ఒక పిల్లవాడి హాస్టలు సీటుకు ఎసరు పెట్టొచ్చని అతనికి తెలియదు. ఆఫ్రికాలో ఇలాంటి చిక్కులు ఏ ఊళ్లో ఏవి ఉన్నాయో మనకూ తెలియదు. కెమెరా బయటికి తీసేముందు అక్కడి పాస్టరమ్మనో, సంఘ పెద్దనో అడిగితే చెప్తారు.